నూరేళ్ళ తోడికోడళ్ళు

పరిశోధన సంస్థలో ఎదురుపడితే ఆమెను అందరూ "డాక్టర్ గారూ" అనేవారు. పక్కకి తిరిగితే "జలగమ్మ". ఆ పేరు పెట్టినవాడెవడో ఆమెకు తెలియదు గానీ, వాడి తప్పేమీ లేదని లోలోపల ఒప్పుకునేది. ముసలివాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరిగి, మంచం పక్కన కూర్చుని, బతిమాలి బామాలి తలా రెండు గొట్టాల నెత్తురు లాక్కొచ్చే మనిషిని ఇంకేమంటారు?

పని మాత్రం చెప్పుకోవడానికి గొప్పగానే ఉంటుంది. కొందరు నూరేళ్ళు ఎందుకు బతుకుతారు, అది పుట్టుకతో వచ్చిన జన్యువుల్లోనే ఉందా, ఉంటే ఎక్కడ దాక్కుంది అని కనిపెట్టడం. చెయ్యబోతే తెలుస్తుంది, అది గాలిని మూటగట్టడమని. మొదటి చిక్కు, నూరేళ్ళవాళ్ళు దొరకరు. దొరికినా మనం వెళ్ళేదాకా ఆగరు.

ఒకసారి ఎవరో పెద్దాయన నూటమూడేళ్ళవాడున్నాడంటే శాంపిళ్ళ ఐసుపెట్టె భుజాన వేసుకుని పరిగెత్తింది. గుమ్మం నిండా జనం. ఆయన ఆ పొద్దునే వెళ్ళిపోయాడు. ఏమని పరిచయం చేసుకోవాలో తోచక నిలబడితే, ఆ ఇంటి కోడలు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "ఎవరి కన్నబిడ్డవో తల్లీ, సమయానికి ఐసు తెచ్చావు" అని పెట్టె చేతుల్లోంచి తీసుకుని లోపలికి పట్టుకుపోయింది. కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఖాళీ పెట్టె కోసం సాయంత్రం దాకా ఆ దుఃఖంలో పాలుపంచుకుని వచ్చింది.

ఇంకొకాయన నూటపన్నెండేళ్ళన్నాడు. కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయి. తీరా చూస్తే అవి వాళ్ళ నాన్నవి. నాన్న పోయినా పెన్షన్ పోకూడదని కొడుకు ఆ పేరుతోనే బతికేస్తున్నాడు. "అయితే మీ అసలు వయసెంతండీ?" అని అడిగితే ఆయన చాలాసేపు ఆలోచించి, "నాదా? దాన్ని వాడక చాలా కాలమైందమ్మా. గుర్తులేదు" అన్నాడు.

వీటన్నిటికీ తోడు డైరెక్టరు గారొకరు. ఆయనకి యాభై నిండలేదు, చూస్తే డెబ్భై అంటారు. దీర్ఘాయువు విభాగంలో వేళకి తిన్నవాళ్ళుగానీ వేళకి పడుకున్నవాళ్ళుగానీ లేరు. ఈయనకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయన నిండు జీవితం గురించి ఓ పెద్ద గ్రంథం మొదలుపెట్టి, యాభై మూడో ఏట దాన్నీ జీవితాన్నీ కూడా సగంలో వదిలేశాడు.

"శాంపిల్ తెచ్చావు సరే, పోల్చడానికేదీ?" అనేవాడు డైరెక్టరు, కడుపులో పుండుకు మాత్ర చప్పరిస్తూ. "ఈ ముసలాయనతోపాటు పుట్టి, మామూలు వయసులో పోయినవాళ్ళ నెత్తురేదీ?"

"వాళ్ళు పోయారండి."

"అదే కదా నేనూ అనేది. వాళ్ళది కావాలి."

ఇలా రోజులు గడుస్తుంటే ఒకనాడు ఫోను మోగింది.

"మీరేనా నూరేళ్ళవాళ్ళ కోసం వెతుకుతున్నది? మాకు గొడుగుల దుకాణం ఉందండి. మా ఇంట్లో ఇద్దరున్నారు."

"ఇద్దరా!"

"ఇద్దరూ గుండ్రాళ్ళలా ఉన్నారు. ఒకావిడ మా పెద్దమ్మ, ఒకావిడ మా చిన్నమ్మ. మా రక్తమే అంతండి. తొందరపడి పోయే రకం కాదు."

జలగమ్మకు నక్క తోక తొక్కినట్టయింది. పెద్దమ్మ, చిన్నమ్మ. అంటే తల్లికి అక్క, తల్లికి చెల్లెలు. నూరేళ్ళు దాటిన అక్కాచెల్లెళ్ళు ఒకే ఇంట్లో! పక్కన వాళ్ళ అక్కచెల్లెలి కొడుకు! ఐసుపెట్టె తీసుకుని అప్పటికప్పుడే బయల్దేరింది.

కింద దుకాణం, పైన ఇల్లు. దుకాణంలో కప్పు నుంచి గొడుగులు గబ్బిలాల్లా తలకిందులుగా వేలాడుతున్నాయి. బల్ల మీద విరిగిన ఊచలు, పిడులు, నల్లగుడ్డ ముక్కలు. గొడుగులాయన లావుపాటి మనిషి, ఎర్రటి ముఖం, ఇంత గొంతు. ఆమెను ముందుండి మెట్లెక్కించాడు. ఆ మెట్లు నిచ్చెనకి అన్నదమ్ములు. నాలుగు మెట్లకోసారి ఆయన ఆగి వెనక్కి తిరిగి గొడుగుల గురించి ఒక సంగతి చెప్పేవాడు, పిడికి ఏ కర్ర మంచిదో, గాలివానకి ఏ ఊచ వంగుతుందో. ఎంత మర్యాదస్తుడో అనుకుంది. అది ఆయాసం తీర్చుకునే ఉపాయమని తర్వాత తెలిసింది.

పై గదిలో వీధివైపు కిటికీ. కిటికీ దగ్గర చేతుల కుర్చీ ఒక్కటే. అందులో సన్నగా, నిటారుగా, ఇస్త్రీ చేసినట్టున్న ముసలావిడ. పక్కన ముక్కాలిపీట మీద గుండ్రంగా, నోట్లో పన్ను ఒక్కటీ లేకుండా ఇంకో ముసలావిడ, గోడ గడియారం వైపే చూస్తోంది.

"చెల్లీ, ఎవరో వచ్చారు" అంది కుర్చీలో ఆవిడ.

"నాకూ కళ్ళున్నాయక్కా. పన్నెండయింది. లే."

"ఇంకా గంట కొట్టలేదు."

గంట కొట్టేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. కొట్టగానే పెద్దమ్మ లేచింది, చిన్నమ్మ ఆ కుర్చీలో కూలబడి, "హమ్మయ్య, కాల్చినట్టు వేడెక్కించి పోయింది" అంది. పొద్దుటిపూట కుర్చీ ఒకరిది, మధ్యాహ్నం నుంచి ఇంకొకరిది. ఆ ఒప్పందానికి ముందు ఏం జరిగేదో గొడుగులాయన చెప్పలేదు. తలుచుకుని తల మాత్రం ఊపాడు.

జలగమ్మ అడగవలసినవి అడగడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళు ఆరోగ్యంగా ఉండటానికి కారణమేమిటంటారు?

"పొద్దున్నే లేవడం" అంది పెద్దమ్మ. "చక్కెర ముట్టకపోవడం. ఎవర్నీ పల్లెత్తు మాట అనకపోవడం."

"మూడోది రాసుకోకు" అంది చిన్నమ్మ. "నా సంగతి రాసుకో. పొద్దెక్కితేగానీ లేవను. టీలో నాలుగు చెంచాల చక్కెర. మనసులో ఏదుంటే అది అప్పటికప్పుడు అనేస్తా. లోపల దాస్తే కుళ్ళిపోదూ?"

జలగమ్మ కలం ఆగింది. ఈ ఉద్యోగంలో ఆమె విన్న జవాబులన్నీ ఇంతే. ఒకరు నడక అంటే ఒకరు మంచం, ఒకరు పాలు అంటే ఒకరు పొగాకు.

పెద్దమ్మ ముందుకు వంగింది. "అసలు సంగతి చెప్పనా? నేను పోతే ఆ కుర్చీ రెండుపూటలా ఎవరిది?"

"నాది" అంది చిన్నమ్మ, క్షణం ఆలస్యం చెయ్యకుండా.

"విన్నావుగా. అందుకని చస్తే పోను."

నెత్తురు దగ్గర పేచీ వస్తుందేమో అనుకుంది గానీ, రాలేదు. పెద్దమ్మ చెయ్యి చాపింది. అయిపోయాక చిన్నమ్మ, "దాని దగ్గర ఎంత తీశావు?" అని అడిగింది. "రెండు గొట్టాలమ్మా." "అయితే నాకు మూడు తియ్యి." గొడుగులాయన మాత్రం సూది చూడగానే కళ్ళు మూసుకుని కిటికీ పట్టుకున్నాడు. అయినా ఇచ్చాడు.

వెళ్ళేముందు చేతులు కడుక్కోవడానికి వంటింట్లోకి వెళితే ఆయన భార్య చప్పున తలుపు దగ్గరకు వేసింది. కొంగుచాటు నుంచి మాత్రల అట్ట తీసింది.

"బీపీ మాత్రలు. డాక్టరు రాసి ఎన్నాళ్ళయిందో. ఒక్కటంటే ఒక్కటి వేసుకోడు. అడిగితే, మా రక్తం సంగతి నీకేం తెలుసు, మీ పుట్టింటివాళ్ళది కాదు ఇది, నూరేళ్ళ రక్తం అంటాడు. మీరు డాక్టరు కదా, కాస్త చెప్పండమ్మా."

"నేను అలాంటి డాక్టర్ని కాదండి."

"మరి ఎలాంటి డాక్టరు?"

జలగమ్మ తడబడింది. "అంటే... పోనివాళ్ళు ఎందుకు పోలేదో చూసే డాక్టర్ని."

ఆవిడ ఆమెను ఎగాదిగా చూసి అట్ట మళ్ళీ దాచేసింది. "అయితే ఈయన దగ్గర మీకు ఎక్కువ కాలం పని ఉండదు లెండి" అంది.

ఆ వారమంతా సంస్థలో జలగమ్మకు తిరుగులేదు. డైరెక్టరు స్వయంగా లేచి కుర్చీ చూపించాడు. ఓ పెద్ద సభలో ఈ అక్కాచెల్లెళ్ళ గురించి చెప్పేశాడు కూడా. ఇద్దరిలోనూ ఉన్నదీ, వాళ్ళ అక్కచెల్లెలి కొడుకులోనూ ఉన్నదీ ఏమిటో చూస్తే చాలు, దొంగ దొరికినట్టే అన్నాడు. చప్పట్లు కొట్టారట.

తర్వాత ఫలితాలు వచ్చాయి. ఆయన పిలిచాడు. ఈసారి కుర్చీ చూపించలేదు.

"ఈ ముగ్గురూ బస్టాపులో నిలబడ్డ ముగ్గురు మనుషులంత బంధువులు."

"అంటే?"

"అంటే ఏమీ కారు. అక్కకీ చెల్లెలికీ సంబంధం లేదు. కొడుకుగారికి ఇద్దరితోనూ లేదు. గొట్టాలు మార్చేశావు."

"మార్చలేదండి. నా చేత్తో అంటించాను చీటీలు."

"అయితే చేతులు మార్చు. పోయి మళ్ళీ తీసుకురా. ఈలోగా సభలో చప్పట్లు కొట్టినవాళ్ళకి నేనేం చెప్పాలో ఆలోచిస్తాను." మాత్ర కోసం సొరుగు లాగాడు. అది ఊడి ఒళ్ళో పడింది.

రెండు రోజులకి జలగమ్మ మళ్ళీ బయల్దేరింది. బస్సులో కూర్చుని తను చేసిన ప్రతి పనీ మళ్ళీ మళ్ళీ తలుచుకుంది. ఏ గొట్టం ముందు, ఏ చీటీ తర్వాత. తప్పు దొరకలేదు. దొరక్కపోయేసరికి ఇంకా భయమేసింది.

ఈసారి పొద్దున్నే వెళ్ళింది గనక కుర్చీలో పెద్దమ్మ ఉంది. మళ్ళీ నెత్తురంటే ఇద్దరూ ఏమీ అనుకోలేదు. "బాగుందన్నమాట, ఇంకా కావాలంటున్నారు" అంది చిన్నమ్మ గర్వంగా. జలగమ్మ ఒక్కో గొట్టానికీ అక్కడికక్కడే చీటీ అంటిస్తూ, ఏదో ఒకటి మాట్లాడాలని, "మీరు పుట్టిన ఇల్లు ఇక్కడికి దగ్గరేనామ్మా?" అని అడిగింది.

"అదిగో, ఆ వంతెన అవతల" అని పెద్దమ్మ కిటికీలోంచి ఎడమవైపు చూపించింది.

"అదిగో, రైల్వేస్టేషను వెనక" అని చిన్నమ్మ కుడివైపు చూపించింది.

జలగమ్మ చేతిలో చీటీ వేలికి అంటుకుపోయింది. "ఒకే ఇల్లు కదా?"

"ఒకే ఇల్లేమిటి! వాళ్ళది పడవలు నడిపే వంశం. మా నాన్న బడిపంతులు" అంది చిన్నమ్మ.

"మరి... మీరిద్దరూ అక్కాచెల్లెళ్ళు కదా?"

ముసలివాళ్ళిద్దరూ ఒక్కసారే కుర్చీలోంచీ పీట మీంచీ లేవబోయారు. "అక్కాచెల్లెళ్ళమా! దీనితోనా!" ఆ ఇంట్లో ఇద్దరూ ఒకే మాట ఒకేసారి అనడం అదే మొదలని గొడుగులాయన తర్వాత చెప్పాడు. "తోడికోడళ్ళం!"

"అక్కా, చెల్లీ అని పిలుచుకుంటున్నారు మరి?"

"తోడికోడల్ని అక్కా అనక అత్తా అంటారా?" అంది చిన్నమ్మ. "నీకు పెళ్ళి కాలేదా?"

"అయిందండి."

"తోడికోడలుందా?"

"ఉందండి."

"ఏమని పిలుస్తావు?"

జలగమ్మ నాలుక కరుచుకుంది. నిన్ననే ఫోను చేసి "అక్కా, పిల్లాడికి జ్వరం తగ్గిందా" అని అడిగింది తను. పెద్దమ్మ అంటే తల్లి అక్కే కానక్కర్లేదు, తండ్రి అన్నగారి భార్య కూడా. చిన్నమ్మ అంటే బాబాయి భార్య కూడా. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలిసిన వరసలే. పెద్ద చదువులు చదివి వచ్చి పప్పులో కాలేసింది.

"మరి నాకెందుకు చెప్పలేదండీ?" అని గొడుగులాయన వైపు తిరిగింది, దాదాపు ఏడుపుగొంతుతో.

"మీరడగలేదుగా" అన్నాడాయన. ఆయన కథ చిన్నదే. ఈ ఇంట్లో ముగ్గురన్నదమ్ములు. నడిమివాడి కొడుకు ఈయన. పసివాడిగా ఉండగానే తల్లి జ్వరంతో పోయింది. పెద్దమ్మకీ చిన్నమ్మకీ పిల్లలు లేరు, ఇద్దరూ కలిసి, అంటే ఇద్దరూ పోట్లాడుకుంటూ, ఈయన్ని పెంచారు.

వంటింట్లోంచి గరిటె పట్టుకుని భార్య వచ్చింది. మొత్తం విన్నట్టుంది.

"ఆగండాగండి. వీళ్ళిద్దరూ బయటి నుంచి వచ్చినవాళ్ళే కదా. అంటే వీళ్ళ నెత్తురు ఈయనలో చుక్క కూడా లేదన్నమాట."

"లేదండి" అంది జలగమ్మ.

"మరి ఇంటి రక్తం, ఇంటి రక్తం అంటాడే. ఈ ఇంటి రక్తమున్నవాళ్ళు ఎన్నేళ్ళు బతికారు?"

గొడుగులాయన చెయ్యి ఊపాడు. "మావాళ్ళంతా నూరేళ్ళవాళ్ళే. కాకపోతే మా నాన్న లెక్కలోకి రాడు. గొడుగుల మూట ఎత్తుతూ పోయాడు. అది మూట తప్పు."

"ఎన్నేళ్ళకి?"

"యాభై ఎనిమిది. మా పెదనాన్న కూడా లెక్కలోకి రాడు. బంతాట చూస్తూ మనవాళ్ళు గెలిచారని ఎగిరాడు. అంతే. అరవై ఒకటి. ఆట ఓడిపోయుంటే ఇప్పటికీ ఉండేవాడు."

"బాబాయి?"

"బాబాయిది మరీ అన్యాయం. భోంచేసి కునుకు తీస్తూ పోయాడు. నిద్రలో ఉన్నవాణ్ణి రక్తం మాత్రం ఏం కాపాడుతుంది? అరవై రెండు."

"మీ తాత?"

"తాత యుద్ధంలో పోయాడు."

"ఏ యుద్ధం?" అంది జలగమ్మ.

"మా అత్తగారితో" అంది పెద్దమ్మ. "కూర్చున్నచోటే గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. అరవై రాలేదు."

కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"మీకిప్పుడు ఎన్నండీ?" అంది భార్య మెల్లగా.

"అరవై ఒకటి నడుస్తోంది" అన్నాడు గొడుగులాయన. ఆ అంకె నోట్లోంచి వచ్చాక దాన్ని ఎదురుగా ఎవరో నిలబెట్టినట్టు చూశాడు. ఎర్రటి ముఖం నెమ్మదిగా తెల్లబడింది. పీట వెతుక్కుని కూర్చున్నాడు.

జలగమ్మకు జాలీ, సిగ్గూ కలిసి వచ్చాయి. పనికిరాని చావులన్నీ పక్కన పెట్టేసి మిగిలినవాటితో కోట కట్టడం ఆయనొక్కడే చేశాడా? మొదటిరోజు వివరాలు రాసుకుంటూ, ఆయన తల్లి చావు జ్వరంతో వచ్చింది గనక "లెక్కలోకి రాదు" అని తనూ కొట్టేసింది కదా.

మర్నాటి నుంచి ఆమె బల్ల మీద ఫోను మోగుతూనే ఉంది. "డాక్టరమ్మా, ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. మా నాన్న జన్యువేనా?" "డాక్టరమ్మా, భోంచేశాక నిద్దరొస్తోంది. బాబాయిది కాదు కదా?" బంతాట వస్తే టీవీ కట్టేయిస్తున్నాడట. దుకాణం తెరవడం లేదట. మెట్లు దిగితే మళ్ళీ ఎక్కాలి గనక దిగడమే మానేశాడట. ఆమె ఎన్నిసార్లు "నలుగురు మనుషుల్ని బట్టి ఏదీ తేలదండీ, మీరు మామూలు డాక్టరు దగ్గరికి వెళ్ళండి" అని చెప్పినా, "మీరు మంచివారు, నా మనసు నొప్పించకూడదని అంటున్నారు" అనేవాడు.

చివరికి భార్య ఫోను చేసింది. "పుణ్యం చేశారనుకున్నానమ్మా. మాత్ర ఇప్పుడూ వేసుకోవట్లేదు. అప్పుడేమో నూరేళ్ళ రక్తం, అవసరం లేదన్నాడు. ఇప్పుడేమో అరవయ్యేళ్ళ రక్తం, లాభం లేదంటున్నాడు. మీరే వచ్చి ఏదో ఒకటి చెయ్యండి. నెత్తురు తీస్తే తీశారు, మనిషిని కూడా తీసుకుపోయేట్టున్నారు."

జలగమ్మ సెలవు పెట్టి వెళ్ళింది. గొడుగులాయన మంచం మీద వెల్లకిలా పడుకుని, గుండె మీద రెండు చేతులూ పెట్టుకుని కప్పు చూస్తున్నాడు. ఆమెను చూసి నీరసంగా నవ్వి, "కడసారి చూపుకి వచ్చారా" అన్నాడు. జన్యువులంటే తలరాత కాదనీ, ఆయుష్షులో వాటి వాటా చాలా తక్కువే కావచ్చుననీ, ఎంతన్నది పెద్ద పెద్దవాళ్ళే తేల్చుకోలేక కొట్టుకుంటున్నారనీ ఆమె చెప్పుకుపోయింది. ఆయన వినయంగా విన్నాడు. మాత్ర మాత్రం అందుకోలేదు.

అప్పుడు పక్క గదిలోంచి చప్పుడైంది. తోడికోడళ్ళిద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని వచ్చారు. కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగా ఉండటం ఆమె చూడటం అదే మొదలు.

పెద్దమ్మ మంచం పక్కన నిలబడింది. "ఏరా, ఏమిటీ వేషం?"

"రక్తం పెద్దమ్మా. మావాళ్ళ రక్తం అంత."

"మీవాళ్ళ రక్తం సంగతి నాకు చెప్తావా? గుండెల్లో మంటగా ఉందంటే డాక్టరు దగ్గరికి పదండి అన్నాను మీ పెదనాన్నని. మాది ఇనప రక్తం అని మందుసీసా కిటికీలోంచి విసిరేశాడు. కింద పోయేవాడి నెత్తిన పడి వాడు వెళ్ళాడు డాక్టరు దగ్గరికి. మీ నాన్నా అదే మాట. మీ బాబాయీ అదే మాట."

"అక్షరం పొల్లుపోకుండా" అంది చిన్నమ్మ.

"మాకా ధైర్యం ఎక్కడిది? పరాయి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం. ఈ ఇంట్లో మా రక్తం గొప్పదని ఎవరూ అనలేదు. అందుకని కాలు నొప్పంటే కాలు చూపించుకున్నాం, కన్ను మసకంటే కన్ను చూపించుకున్నాం. ఇచ్చిన మందు నోరు మూసుకుని మింగాం."

"నువ్వు నోరు మూసుకుని మింగిందెప్పుడక్కా?"

"నువ్వుండవే." పెద్దమ్మ మాత్ర అందుకుంది. "నోరు తెరు."

గొడుగులాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత పెద్ద మనిషి పసిపిల్లాడిలా పెదవి బిగించాడు. "మీ నెత్తురు నాలో చుక్క కూడా లేదట పెద్దమ్మా. కాగితం మీద రాశారు. నేను మీకేమీ కానట."

ఆయన్ని మంచాన పడేసింది అరవై ఒకటో ఏడొక్కటే కాదని జలగమ్మకి అప్పటికిగానీ వెలగలేదు. ఇన్నాళ్ళ ఫోన్లలో ఆ మాట ఆయన అనలేదు, ఆమె వినలేదు.

చిన్నమ్మ మంచం మీద కూర్చుని ఆయన చెవి పట్టుకుంది. "పాలు పట్టింది ఇది. వీపు వాయించింది నేను. ఇంకా నెత్తురు కూడా కావాలా వెధవకి? ఇచ్చాంగా, ఈవిడ పట్టుకుపోయింది గొట్టాలనిండా. పోయి అడుక్కో."

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వడానికి నోరు తెరవగానే పెద్దమ్మ మాత్ర లోపలికి తోసేసింది. భార్య నీళ్ళ గ్లాసు అప్పటికే నోటి దగ్గర పెట్టేసింది. మింగక తప్పలేదు.

డైరెక్టరుతో మాట్లాడటం ఇంతకంటే కష్టమైంది. "తీసెయ్" అన్నాడాయన విషయం వినగానే. "అక్కాచెల్లెళ్ళు కానివాళ్ళు మనకెందుకు?"

"ఇలా ఎంతమందిని కలుపుకున్నామో, ఎంతమందిని తీసేశామో చూద్దామండీ" అంది జలగమ్మ. ఆమె ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదలు. "మన దగ్గర ఎన్ని ఇళ్ళల్లో పెద్దమ్మలున్నారు, పిన్నులున్నారు? బావ అని రాసుకున్నామే, అత్త కొడుకా, అక్క మొగుడా?"

డైరెక్టరు మాత్ర నమలడం ఆపాడు. ఆయన బావమరిదే ఆయనకి మేనత్త కొడుకు కూడా. కాస్త ఆలోచించి చూస్తే చెమటలు పట్టాయి.

ఆ తర్వాత నెలల తరబడి విభాగమంతా ఫోన్లు పట్టుకుని కూర్చుంది. ఎవరి పుట్టిల్లు ఏది, ఎవరు ఎవరి కడుపున పుట్టారు అని ఒక్కో ఇంటినీ మళ్ళీ అడిగారు. కొందరు తిట్టారు, కొందరు పెళ్ళిసంబంధం కోసమేమో అనుకున్నారు. రక్తబంధువులనుకున్నవాళ్ళలో చాలామంది మనువుతో వచ్చినవాళ్ళేనని తేలింది. వింతేమిటంటే, దీర్ఘాయువున్న ఇళ్ళల్లో మనువుతో వచ్చినవాళ్ళు కూడా తక్కువేం బతకడం లేదు. అది వంటింటి మహిమా, ఊరి గాలా, బలంగా ఉన్నవాళ్ళు బలంగా ఉన్నవాళ్ళనే చేసుకోవడమా, వట్టి అదృష్టమా అంటే ఎవరి దగ్గరా జవాబు లేదు. సభలో చెప్పిన మాట డైరెక్టరు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. తీసుకున్నాడు. ఈసారి చప్పట్లు కొట్టలేదు గానీ, వెనక వరసలోంచి ఒకాయన లేచి, తమ దగ్గరా ఇదే జరిగి ఉండవచ్చునని తల దించుకుని ఒప్పుకున్నాడట.

ఏడాది తిరిగాక జలగమ్మ మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళింది, మామూలు పరీక్షలకి. దుకాణం కిటకిటలాడుతోంది. గొడుగులాయన కాస్త సన్నబడ్డాడు. గొడుగు కొన్నవాళ్ళందరినీ ఆపి, "బీపీ చూపించుకున్నారా? మీ నాన్నగారు ఎన్నేళ్ళకి పోయారు? మూట ఎత్తుతూనా, ఊరికేనా?" అని అడుగుతున్నాడు. భార్య నెత్తి కొట్టుకుంది. "మాత్ర వేసుకోనప్పుడే నయం. ఇప్పుడు వీధిలో ఎవర్నీ బతకనివ్వట్లేదు."

పైన మధ్యాహ్నప్పూట గనక కుర్చీలో చిన్నమ్మ ఉంది. పెద్దమ్మ స్నానానికి వెళ్ళడం చూసి ఆమె జలగమ్మను దగ్గరికి రమ్మంది.

"నా వయసు నూరని రాశావు కదూ. కొట్టెయ్. నూటనాలుగు."

జలగమ్మ చేతి సంచి కింద పెట్టింది. "అదేమిటమ్మా?"

"పెళ్ళికొడుకు కంటే పెద్దదాన్నని మా నాన్న నాలుగేళ్ళు తగ్గించి చెప్పాడు. ఆ వంతెన తెరిచిననాడు బడిలో మిఠాయి పంచారు, అప్పటికి నేను మూడో తరగతి. కావలిస్తే లెక్క చూసుకో. దానికంటే నేనే రెండేళ్ళు పెద్ద."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"చిన్నది, తెలియదులే అని ఎన్ని తప్పులు కాచారనుకున్నావు! పెద్దదాన్నని చెప్పి చెడగొట్టుకుంటానా?" స్నానాలగది తలుపు చప్పుడైంది. చిన్నమ్మ గొంతు పెంచింది. "రా అక్కా, నెమ్మదిగా రా. జారతావు."

వయసు సరిదిద్దాలి. వంతెన తెరిచిన తేదీ వెతకాలి. డైరెక్టరుకు చెప్పాలి. జలగమ్మ అవన్నీ తలుచుకుని నవ్వాలో ఏడవాలో తెలియక, చేతి సంచి సర్దుకుంటూ నవ్వేసింది.

"ఇంతకీ మమ్మల్ని చూసి ఏం తేల్చారు?" అంది పెద్దమ్మ, తల తుడుచుకుంటూ.

"ఇంకా ఏమీ తేలలేదమ్మా."

"ఎప్పటికి తేలుతుంది?"

"చెప్పలేం. ఇంకో ఇరవయ్యేళ్ళు పట్టొచ్చు."

"తేలాక వచ్చి చెప్పు" అంది చిన్నమ్మ కుర్చీలో వెనక్కి వాలుతూ. "మేమెక్కడికి పోతాం?"